ఫైలు తెరుచుకునేలోపు

ఆ పురపాలక కార్యాలయంలో నాలుగో కౌంటరు కంప్యూటరు మీద ఏ ఫైలు నొక్కినా, అది తెరుచుకునేలోపు చనిపోయిన మనిషొకరు వచ్చి పక్క కుర్చీలో కూర్చునేవాళ్ళు. ఫైలు తెరుచుకోగానే లేచి వెళ్ళిపోయేవాళ్ళు.

ఇది మొదలై నాలుగేళ్ళయింది. మొదటి వారం కాస్త హడావుడి జరిగింది. రెండో వారానికి మేనేజరు సుభద్రాదేవి గారు ఒక ఆఫీసు ఉత్తర్వు వేయడంతో అంతా సర్దుకుంది. చనిపోయినవాళ్ళ కోసం స్టోరు నుంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి, దాని వీపున తెల్ల పెయింటుతో నెంబరు వేయించారు. వచ్చినవాళ్ళు రబ్బరు స్టాంపులు ముట్టుకోకూడదు. క్యూలో నిలబడకూడదు. తమ మరణ ధ్రువపత్రంలో తప్పులుంటే నోటిమాటగా చెబితే చెల్లదు, బతికున్న వారసుల చేత దరఖాస్తు పెట్టించుకోవాలి. వాళ్ళు ఎందుకు వస్తున్నారని ఎవరూ కాగితం పెట్టి అడగలేదు కాబట్టి ఎవరూ కాగితం మీద జవాబు చెప్పలేదు.

ఎవరి దరఖాస్తు తెరిస్తే వాళ్ళకి కావలసిన మనిషి వచ్చేవాళ్ళు. ఆఫీసు సొంత ఫైలయితే, దాన్ని తెరిచే ఆపరేటరుకి కావలసిన మనిషి. ఇందులో పైరవీలు పనిచేయవు. ఒకసారి వార్డు నాయకుడొకాయన తన దరఖాస్తు తెరిపించి, వచ్చిన తండ్రితో మాట్లాడకుండా, ఆయన వేలిముద్ర దేనిమీదో వేయించుకోబోయాడు. ఆ ఒక్కరోజూ ఫైలు వెంటనే తెరుచుకుంది.

నాలుగో కౌంటరుకే ఇలా ఎందుకంటే, ఆఫీసు మొత్తంలో అంత నిదానమైన యంత్రం అదొక్కటే. దాని ప్రాసెసరు పదిహేనేళ్ళ కిందటిది. లోపలి ఫ్యాను వడ్లు మర ఆడించినట్టు చప్పుడు చేసేది. చిన్న దరఖాస్తు తెరుచుకోవడానికి మూడు నిమిషాలు, నెలవారీ పట్టిక తెరుచుకోవడానికి పదకొండు నిమిషాలు పట్టేది. తెర మీద నీలం గీత ఒకటి ఎడమ నుంచి కుడికి పాకేది. తొంభైతొమ్మిది శాతం దగ్గరకొచ్చి ఆగిపోయేది. ఊళ్ళో అందరికీ తెలుసు, ఆ తొంభైతొమ్మిది దగ్గర ఆగిన సమయమే అసలు సమయమని. చెప్పవలసిన మాటలు అక్కడికి దాచుకునేవారు.

రెండో కౌంటర్లో కొత్త యంత్రం ఉండేది. అక్కడ వేలు తీసేలోపు ఫైలు తెరుచుకునేది. ఆ కౌంటరు ముందు ఎవరూ ఉండేవారు కాదు. అక్కడి ఉద్యోగి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గోళ్ళు చూసుకునేవాడు. నాలుగో కౌంటరు క్యూ మాత్రం గేటు దాటి సైకిల్ స్టాండు దాకా ఉండేది. త్వరగా పని చేసే కౌంటరు వదిలేసి నిదానంగా చేసేదాని దగ్గర జనం ఎందుకు నిలబడుతున్నారని పై నుంచి తనిఖీకి వచ్చిన అధికారి అడిగాడు. వివరం చెప్పారు. ఆయన సరేనని రాసుకుని, తన సొంత పుట్టినతేదీ ధ్రువపత్రానికి ఒక దరఖాస్తు పెట్టుకుని, మూడు నిమిషాలు కూర్చుని, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు. యంత్రం నిదానమని రిపోర్టు మాత్రం రాశాడు.

ప్రతి మంగళవారం ఎరకమ్మ అనే ముసలామె వచ్చేది. తన పుట్టినతేదీ తప్పని దరఖాస్తు పెట్టేది. కిందటి వారం సరిచేయించుకున్న తేదీయే ఈ వారం తప్పు. ఆమె మొగుడు వచ్చి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, కుర్చీలో కూర్చునేవాడు.

"గునపం ఎక్కడెట్టినావురా ముసిలోడా? సచ్చినోడివి సెప్పి సావొద్దేటి?" అని ఆమె కిటికీ బయటి నుంచి కేకేసేది.

"ఇంటెనకే ఉంటాది. సూడు," అనేవాడాయన. అక్కడి నుంచి ఏ మూల, ఏ గోడ, ఏ బస్తా కింద అనే తగువు మూడు నిమిషాలూ నడిచేది.

ఒకసారి ఆపరేటరే ఉండబట్టలేక అడిగాడు. "అప్పా, ఆ గునపం ఇంకా దొరకలేదేటి?"

"రెండేళ్ళయింది బాబూ దొరికి," అంది ఎరకమ్మ, గొంతు తగ్గించి. "మరింకేటడగను ఆడిని? ఇంకో మాట రాదు నాకు. ఆ గీతని బేగి నడవనీకు."

ఆ ఆపరేటరు పేరు అప్పలసూరి. నలభైతొమ్మిదేళ్ళు. తొమ్మిదో తరగతితో బడి మానేసి, టైపు నేర్చుకుని, ఆ కౌంటర్లో చేరి పదహారేళ్ళయింది. రోజూ పదిన్నరకు, క్యూ మొదలవకముందే, నెలవారీ పట్టిక నొక్కేవాడు. పదకొండు నిమిషాలు. ఆయన భార్య సింహాచలం వచ్చి కూర్చునేది.

అదే చిలకాకుపచ్చ చీర. ఎడమ చెప్పు తెగితే పిన్నీసు పెట్టుకున్నది అలాగే ఉండేది. వస్తూనే ఆయన చొక్కా చూసేది.

"కాలరు తిప్పి కుట్టించమన్నాను కదా. మరి కుట్టించలేదేటి?"

"కుట్టిస్తాన్లే."

"ఎప్పుడు? నేను సచ్చినాకా?" అని, అన్న మాట గుర్తొచ్చి నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ నవ్వు కోసం ఆయన నాలుగేళ్ళుగా ఆ చొక్కా కాలరు కుట్టించలేదు.

పక్కింటి పిల్లి ఈనిందా, చింతపండు బూజు పట్టిందా, తన తమ్ముడు మళ్ళీ గొడవలకు పోతున్నాడా, ఇవే మాటలు. ఆయన జవాబులు చెబుతూ ఒక కన్ను నీలం గీత మీదే ఉంచేవాడు. ఆయనకు అడగవలసిన మాట ఒకటుంది. అది ఒక్కరోజూ అడగలేదు. రేపు కూడా పదకొండు నిమిషాలుంటాయి కదా అనుకునేవాడు.

ఆ మాట ఇది. సింహాచలం ఆసుపత్రిలో ఉన్న ఆఖరి రోజున, సాయంత్రం నాలుగున్నరకు, పక్క మంచం మనిషి ఫోను అడిగి తీసుకుని ఆయనకు ఫోను చేసింది. "ఎప్పుడొస్తావు?" అంది. అది పట్టిక పంపవలసిన ఆఖరి రోజు. గీత తొంభైతొమ్మిది దగ్గర ఆగి ఉంది. మధ్యలో వదిలేస్తే మళ్ళీ మొదటి నుంచి తెరవాలి. "ఇదొక్క ఫైలే. వొచ్చీస్తన్నాను," అన్నాడాయన. గీత ఐదూపది దాకా కదల్లేదు. ఆసుపత్రి అక్కడికి పావుగంట దూరం. ఆయన వెళ్ళేసరికి పక్క మంచం మనిషి తన ఫోను పట్టుకుని లేచి నిలబడి ఉంది. ఆ నెల మరణాల పట్టిక వేళకే చేరింది. సింహాచలం పేరు తరవాతి నెల పట్టికలో ఎక్కింది. ఎక్కించింది ఆయనే.

ఆ నలభై నిమిషాలూ ఆమె తన కోసం చూసిందా? లేక చూడడం మానేసి పోయిందా? అదే ఆయనకు కావాలి.

అలాంటి రోజుల్లో పై నుంచి సర్క్యులరు వచ్చింది. పాత తరం ప్రాసెసర్లన్నీ తీసేసి కొత్త తరం ప్రాసెసర్లు బిగిస్తారు. ప్రతి యంత్రం ఆపరేటరు ఐదు రోజుల్లో 'కావాలి' లేదా 'వద్దు' అని అభిప్రాయం తెలపాలి. వద్దనేవారు కారణం చూపాలి. కారణాలు వాళ్ళే అచ్చువేసి పంపారు: కరెంటు చాలకపోవడం, గదిలో వేడి, దుమ్ము, పైకప్పు కారడం. ఈ నాలుగింటిలో లేని కారణం చెల్లదు.

అప్పలసూరి ఆ కాగితం పట్టుకుని సుభద్రాదేవి గారి గదిలోకి వెళ్ళాడు.

"మేడం గారూ, నా మిషనుకి వద్దండి."

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, బీరువాలోంచి ఒక ఫైలు తీసి బల్ల మీద పెట్టింది. అందులో పదకొండు ఉత్తరాలున్నాయి. పన్నెండేళ్ళ కిందటి నుంచి దాదాపు ఏడాదికొకటి చొప్పున అప్పలసూరే రాసుకున్నవి. 'నా యంత్రం మిక్కిలి నిదానముగా ఉన్నందున, ప్రజాప్రయోజనం దృష్ట్యా, వేగవంతమైన ప్రాసెసరు ఇప్పించవలసినదిగా ప్రార్థన.' ఇంటికి వేళకి వెళ్ళాలని ఉంది అని రాయడానికి ఆ ఫారంలో చోటు లేక ప్రజాప్రయోజనం అని రాశాడు. మొదటి ఎనిమిది ఉత్తరాలు రాసేటప్పుడు సింహాచలం ఇంటి దగ్గర అన్నం మూత పెట్టి కూర్చుని ఉండేది. తొమ్మిదోది ఆమె ఆసుపత్రిలో చేరిన నెల రాసింది. మిగతా రెండూ ఆమె పోయాక మొదటి ఆరు నెలల్లో, ఆ యంత్రాన్ని చూస్తే ఒళ్ళు మండి, ఇంకా ఎవరూ వచ్చి కుర్చీలో కూర్చోకముందు, వెంటవెంటనే రాసినవి.

"నువ్వే కదయ్యా అడిగావు?" అంది సుభద్రాదేవి గారు. "ఈ రాష్ట్రం మొత్తంలో ఇంతలా అడిగిన మనిషి ఇంకొకడు లేడట. సర్క్యులరులో నీ ఉత్తరాలే చూపించారు, చదువుకో. మొదటి పేరా."

"అప్పుడు కావాలండి. ఇప్పుడొద్దండి."

"అప్పుడు అడిగావు, ఇప్పుడు ఇస్తున్నారు. మధ్యలో జరిగింది ఫైలు నడవడం. తప్పెవరిది?"

ఆవిడ చెడ్డ మనిషి కాదు. రెండు నెలలకోసారి తన పెళ్ళి ధ్రువపత్రం నకలుకి దరఖాస్తు పెట్టుకుని, అందరూ భోజనానికి వెళ్ళాక, నాలుగో కౌంటరు దగ్గర నిలబడేది.

"పోనీ దుమ్ము అని రాయి," అంది గొంతు తగ్గించి. "పంపించి చూడు."

దుమ్ము అని రాశాడు. దాన్ని ఆ యంత్రం నుంచే ఆన్‌లైన్లో పంపాలి. బయట నెట్ సెంటరు నుంచి పంపితే తీసుకోదు. ఆ వెబ్‌సైటు ఎవరికైనా పది నిమిషాలే గడువిస్తుంది. నాలుగో కౌంటరు యంత్రానికి ఆ పేజీ తెరవడానికే పదకొండు నిమిషాలు కావాలి. ఐదు రోజులు ప్రయత్నించాడు. ప్రతిసారీ గీత తొంభైకి చేరేసరికి గడువు ముగిసినదని ఎర్ర అక్షరాలు వచ్చేవి. నిదానమైన యంత్రాల నుంచి 'వద్దు' అని చెప్పాలంటే వేగంగా చెప్పాలి. చెప్పలేకపోయినవన్నీ కావాలని చెప్పినట్టే లెక్కని సర్క్యులరు ఆఖరి పేరాలో చిన్న అక్షరాల్లో ఉంది. రాష్ట్రం మొత్తం మీద ఒక్క పాత యంత్రం నుంచి కూడా అభ్యంతరం రాలేదని, ఆపరేటర్లందరూ హర్షం వ్యక్తం చేశారని ఆరో రోజు పేపర్లో వేశారు.

అయితే ఆ ఐదు రోజులూ సింహాచలం వచ్చి పక్కనే కూర్చుంది. ఆయన అభ్యంతరం పంపడంలో పడి, ఆమె వైపు సరిగ్గా చూడలేదు.

"ఏటా కంగారు? ఏటి పంపుతన్నావు?" అంది ఒకరోజు.

"ఏటీ లేదు. ఆఫీసు పని."

"ఎప్పుడూ అదే కదా," అంది ఆమె, ఆకుపచ్చ కొంగు వేలికి చుట్టుకుంటూ.

ఏడో రోజు పొద్దున జిల్లా నుంచి టెక్నికల్ అసిస్టెంటు జోగారావు డబ్బాతో వచ్చాడు. నలభై దాటిన మనిషి. పని తెలిసినవాడు. మాట మంచిది. డబ్బాలోంచి అగ్గిపెట్టంత వెడల్పున్న పలక తీసి వెలుగులో పెట్టి చూపించాడు.

"చూశారా గురువు గారూ? ఇందులో పద్నాలుగు బుర్రలున్నాయి. మీ పాతదానికి రెండే. దీన్ని దాని చోట్లో పెడదామంటే కుదరదు. సాకెట్టు కలవదు. మదర్‌బోర్డు మార్చాలి, ర్యామ్ మార్చాలి. అంటే మిగిలేది పై రేకు డబ్బా ఒక్కటే."

"పాతదేం చేస్తారు?"

"తూకానికి."

"ఒక్క పదకొండు నిమిషాలు ఆగు జోగారావూ. ఆఖరి పట్టిక తెరిచీసుకుంటాను."

జోగారావుకి సంగతి తెలుసు. అన్ని ఊళ్ళూ తిరిగేవాడు. ఆయన వెళ్ళిన చోటల్లా ఎవరో ఒకరు పదకొండు నిమిషాలు అడుగుతూనే ఉన్నారు. "తీసుకోండి, తొందరేం లేదు," అన్నాడు. పాపం, ఖాళీగా నిలబడడం ఎందుకని, పెద్దాయనకు సాయం చేద్దామని, రేకు డబ్బా పక్క తలుపు తీసి, ఫ్యాను మీద పదిహేనేళ్ళ దుమ్ము బ్రష్షుతో మెల్లగా దులపసాగాడు.

సింహాచలం వచ్చి కూర్చుంది. చొక్కా వైపు చూసింది. ఆమె నోరు తెరవకముందే అప్పలసూరి అన్నాడు.

"సింహాచలం, ఈ రోజు కాలరు సంగతొద్దు. నానొకటడగాల."

"అడుగు."

ఆయన మంచినీళ్ళ సీసా మూత తీశాడు, తాగలేదు. మళ్ళీ పెట్టాడు. గీత సగం దాటింది. తొంభైతొమ్మిది దగ్గర ఆగుతుంది కదా, అక్కడ అడుగుదామనుకున్నాడు. నాలుగేళ్ళ అలవాటు.

గీత తొంభైతొమ్మిదికి వచ్చింది.

"ఆ దినం నువ్వు పోను సేసినాక... నా కోసం సూసినావేటి?"

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ఏదో చెప్పడానికి పెదవులు విప్పింది. దుమ్ము పోయిన ఫ్యాను చప్పుడు లేకుండా తిరిగింది. చల్లబడ్డ ప్రాసెసరు పదిహేనేళ్ళలో మొదటిసారి పట్టికని తొంభైతొమ్మిది దగ్గర ఆపలేదు. పట్టిక తెరుచుకుంది. కుర్చీ ఖాళీ.

"చూశారా, దుమ్మే అసలు సమస్య," అన్నాడు జోగారావు, పంపలేకపోయి బల్ల మీద మిగిలిన ఫారం వైపు చూసి సంతోషంగా. "మీరు రాసింది నిజమే."

కొత్త ప్రాసెసరు బిగించాక పట్టిక తెరుచుకోవడానికి సెకనులో వెయ్యో వంతు పట్టింది. గీత కనిపించడం మానేసింది. నాలుగో కౌంటరు క్యూ మధ్యాహ్నానికల్లా కరిగిపోయింది. మంగళవారం ఎరకమ్మ వచ్చింది. దరఖాస్తు నొక్కగానే ధ్రువపత్రం చేతికొచ్చింది. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేటి బాబూ, నానింకా అడగనైనా లేదు," అంది. కుర్చీ వైపు కాసేపు చూసి వెళ్ళిపోయింది. ఆమె పుట్టినతేదీ ఆ వారం నుంచి మారలేదు.

కుర్చీని స్టోరుకి పంపెయ్యమని సుభద్రాదేవి గారు చెప్పారు. అప్పలసూరి పంపలేదు. ఎందుకంటే ఆయన ఒకటి కనిపెట్టాడు. ఆమె రావడం మానలేదు. వచ్చినంతసేపు ఉండడం లేదు, అంతే. ఫైలు నొక్కినప్పుడు ఆ వెయ్యో వంతులో కుర్చీ మీద ఆకుపచ్చ రంగు ఒకటి మెరిసి పోతోంది. ఇంకొకరికైతే తెలిసేది కాదు. పదిహేనేళ్ళు ఒకే తెరను, ఒకే గీతను చూసిన కళ్ళు కాబట్టి ఆయనకు దొరికింది. పెదవులు విప్పే ఉన్నాయి. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే చెబుతోంది. ఒక్కో ఫైలుకి ఒక పిసరు చెబుతోంది.

ఆఫీసు సొంత రికార్డులు, ముప్పై ఏళ్ళవి, సరిచూడవలసినవి రెండు లక్షలున్నాయి. ఎవరూ ముట్టుకోనివి. అప్పలసూరి వాటిని తెరవడం మొదలుపెట్టాడు. తెరవడం, సరిచూడడం, మూయడం, ఇంకోటి తెరవడం. మొదటి రోజు మూడు వందల పది ఫైళ్ళు. సాయంత్రానికి ఒక అక్షరం పూర్తయింది. 'ఆ'. పాత ఫారం వెనక రాసుకున్నాడు. రెండో రోజు మూడు వందల పన్నెండు ఫైళ్ళు. 'ఫై'. ఆయన భోజనానికి లేవడం మానేశాడు. క్యారేజీ ముందు పెట్టుకుని ఎడమ చేత్తో తినేవాడు, కుడి చేత్తో తెరిచేవాడు. మూడో రోజు శనివారం, రెండో శనివారం, సెలవు. ఆ మర్నాడు ఆదివారం. ఆ రెండు రోజులూ ఆమె నోరు విప్పుకుని ఎక్కడో అలాగే ఆగి ఉంటుందని ఆయనకు తెలుసు. గేటు దగ్గరికి వచ్చి, తాళం చూసి, తిరిగి వెళ్ళాడు.

ఆయన ఇంత పని చేస్తున్నాడని జిల్లాకి తెలిసింది. వారం తిరగకముందే ప్రశంసాపత్రం వచ్చింది. దాని అడుగునే ఇంకో కాగితం వచ్చింది, ఇకపై ప్రతి కౌంటరూ రోజుకి మూడు వందల పది ఫైళ్ళు చూడాలని. రెండో కౌంటరు ఉద్యోగి గోళ్ళు చూసుకోవడం మానేసి, అప్పలసూరితో మాట్లాడడం కూడా మానేశాడు.

తొమ్మిదో పనిదినాన ఉదయం సుభద్రాదేవి గారు ఆయన బల్ల దగ్గరికే వచ్చింది. ఇంతకన్నా కొత్త తరం ప్రాసెసర్లు వస్తున్నాయట. మళ్ళీ అదే ఫారం. 'కావాలి' లేదా 'వద్దు'.

"అప్పలసూరీ, ఈసారి వేగమైన యంత్రమే కదా నీది, అభ్యంతరం వెళ్తుంది," అంది ఆవిడ మెల్లగా. "వద్దని రాయి. పైకప్పు కారుతోందని రాయి. నేను సంతకం పెడతాను." ఆవిడ చేతిలో తన పెళ్ళి ధ్రువపత్రం దరఖాస్తు మడత పెట్టి ఉంది.

"లేటయిపోద్ది మేడం గారూ," అన్నాడు ఆయన తెర మీంచి కళ్ళు తీయకుండా. 'కావాలి' దగ్గర టిక్కు పెట్టి ఇచ్చేశాడు. "బేగి తెరుసుకుంటే రోజుకి ఇంకో వంద తియ్యొచ్చు."

ఆవిడ కుర్చీ వైపు చూసి, కాగితం తీసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం నాలుగున్నరకు ఆఖరి అక్షరం పూర్తయింది. అప్పలసూరి పాత ఫారం తిప్పి, తొమ్మిది రోజుల అక్షరాలూ వేలితో కూడబలుక్కుని చదివాడు.

'ఆ ఫైలు అయిపోనాదేటి?'

ఇంకోసారి చదివాడు. చూశానని లేదు, చూడలేదని లేదు. ఇంకా ఆసుపత్రి మంచం మీదే ఉన్నట్టు, ఫోను ఇంకా చెవి దగ్గరే ఉన్నట్టు అడిగింది. జవాబు చెప్పాలి. చెప్పాలంటే ఆమె ఉండాలి. ఉండాలంటే ఒక ఫైలు తెరవాలి. రెండు లక్షల్లో ఆయన ముగించినవి మూడు వేలు కూడా లేవు.

కుర్చీని కొంచెం దగ్గరగా లాక్కున్నాడు. కాలరు సవరించుకున్నాడు.

"ఇదొక్కటే," అన్నాడు. "వొచ్చీస్తన్నాను."

తరవాతి ఫైలు నొక్కాడు.